అక్క పాస్ చేసిన పుస్తకం

మా అక్కతో కలిసి ఏదైనా కొనడానికి వెళ్ళాలంటే నాకు ముందురోజు నుంచే తలనొప్పి మొదలవుతుంది. ఒకసారి బకెట్ కొనాలని వెంట తీసుకెళ్ళింది. కొట్టులో ఉన్న బకెట్లన్నిట్లోనూ నీళ్ళు పోయించి, చుట్టూ తిరిగి చూసి, వంగి చూసి, ఏదీ నచ్చక ఖాళీ చేతులతో బయటికొచ్చింది. ఇంట్లో పాత బకెట్ ఇప్పటికీ కారుతూనే ఉంది. అలాంటి మనిషి, కూతురు కాలేజీకి వెళ్ళిపోతోంది కాబట్టి దానికో మంచి పుస్తకం కొనిస్తానంది. అదీ నేనే వెతికిపెట్టాలట.

నేను పళ్ళ డాక్టరుగారి క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుంటాను. లోపల డ్రిల్లు మోగుతున్నంతసేపూ బయట నాకు పనుండదు, పుస్తకం తెరుస్తాను. అక్క దృష్టిలో అది పని ఎగ్గొట్టడం. నా చేతిలో పుస్తకం కనబడితే "మళ్ళీ మొదలుపెట్టావా" అనడమే తప్ప, ఇన్నేళ్ళలో అదేం కథ అని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు అవసరం వచ్చేసరికి నేను పండితురాలినైపోయాను.

అక్క చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర పనిచేస్తుంది. పెళ్ళికి ముందు వేలాడే దారాలు కత్తిరించే పనిలో చేరింది. కన్ను బాగుందని ఎవరో మెచ్చుకుని టేబుల్ మీదికి మార్చారు. అప్పటినుంచి అక్కడే. కుట్టడం పూర్తయిన చొక్కాలు కుప్పలుగా వచ్చి ముందు పడతాయి. ఒక్కొక్కటే తీసి కాలర్ చూసి, భుజాలు చూసి, బొత్తాలు లాగి చూసి, చొక్కా మొత్తం తిరగేసి లోపలి కుట్లు చూస్తుంది. తప్పు కనబడినచోట చిన్న ఎర్ర బాణం స్టిక్కర్ అంటించి పక్క బుట్టలో పడేస్తుంది. ఆ చొక్కా కుట్టినవాళ్ళ దగ్గరికి వెళ్ళి, సరిచేసుకుని మళ్ళీ అక్క ముందుకు రావాలి. బాణం ఎటు చూపిస్తే తప్పు అక్కడ ఉన్నట్టు. దానిమీద ఇంక మాట ఉండదు.

ఆ పని ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలేసి వస్తే మాకేం బాధ ఉండేది కాదు. అక్క హ్యాండ్‌బ్యాగులో ఆ బాణాల చుట్ట ఎప్పుడూ ఉంటుంది. సరిగ్గా కడగని గిన్నె మీద బాణం. వంకరగా తగిలించిన ఫోటో పక్కన గోడ మీద బాణం. బావ సిటీ బస్సు నడిపి అలసిపోయి వచ్చి కుర్చీలో పడితే, ఆయన యూనిఫారం జేబు మూల చిరుగు మీద బాణం. ఒకసారి నేను భుజం మీది బాణంతోనే క్లినిక్‌కి వెళ్ళిపోయాను. నోరు తెరుచుకుని పడుకున్న పేషెంటు కూడా నా భుజం వైపు వేలు చూపించాడు. ఫ్యాక్టరీలో ఆమెకు బాణాలక్క అని పేరు పెట్టారు. ఆ పేరంటే అక్కకు కోపం లేదు సరికదా, లోలోపల మురిసిపోతుందని నా అనుమానం.

ఇక అక్క కూతురు. ఇంట్లో అందరం దాన్ని పిల్ల అనే పిలుస్తాం. తండ్రి కంటే పొడుగు పెరిగినా పిల్లే. ఆ ఇంట్లో బాణాలు తిన్నవాళ్ళలో మొదటి బహుమతి దానిదే. కుట్టు ఊడిన పావడా అంచుకి బాణం, అక్షరాలు అలుక్కుపోయిన హోంవర్కుకి బాణం. చిన్నప్పుడు ఇల్లు బొమ్మ వేసి తెచ్చి చూపిస్తే, గీత దాటిన రంగు దగ్గర బాణం. అది గడుగ్గాయి. చెప్పింది చెప్పినట్టు చెయ్యదు. తప్పు బయటపడితే ఏడవకుండా నవ్వుతుంది. అక్కకు ఒళ్ళుమండేది ఆ నవ్వుకే.

పరీక్షలయ్యాక పిల్ల దూరంగా ఉన్న కాలేజీ ఎంచుకుంది. రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ చేరలేనంత దూరం. అదే చదువు మా ఊళ్ళోనూ ఉంది. ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, దాని గదిలో కూర్చుని అదే అడిగాను.

"ఇక్కడే చదవచ్చు కదే. అంత దూరం దేనికి?"

"అక్కడైతే నన్ను ఎవరూ తిరగేసి చూడరు పిన్నీ," అంది, జడ విప్పుకుంటూ. "అమ్మకి నాలో బాగున్నది ఒక్కటైనా కనబడిందంటావా? నేను కూడా ఆ కుప్పలో ఒక చొక్కానే."

అది ఏడుస్తూ అని ఉంటే ఓదార్చేదాన్ని. బయట ఎండగా ఉందన్నంత మామూలుగా అనేసరికి నాకు భయం వేసింది. తలెత్తి చూస్తే గుమ్మంలో అక్క నిలబడి ఉంది, చేతుల నిండా ఆరిన బట్టలతో. అంతా విన్నదని ముఖం చూస్తేనే తెలిసింది. బట్టలు మంచం మీద పడేసి వెళ్ళిపోయింది. మడతపెట్టకుండా మా అక్క బట్టలు వదిలేయడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

మర్నాడు క్లినిక్‌కి ఫోన్ చేసింది.

"దానికో పుస్తకం ఇద్దామనుకుంటున్నా. నువ్వు చూడు."

"పుస్తకం దేనికి? నోటితో చెప్పు అక్కా. నువ్వంటే నాకు ప్రాణమే అని చెప్పు. చిటికెలో అయిపోతుంది."

"నేను నోరు తెరిస్తే ఏమొస్తుందో నీకు తెలీదా. మంచిమాట చెబుదామనే దగ్గరికెళ్తాను. జుట్టేంటి అలా ఉంది అని వస్తుంది." వెనక మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. "పుస్తకమైతే నోరు జారదు. అక్కడికెళ్ళాక తెరిచి చూసుకుంటే దానికి అర్థమవ్వాలి. నేను దాన్ని... అదే. అర్థమవ్వాలి. ఆ చొక్కా మాట నమ్ముకుని వెళ్ళిపోతే నేనేం చేసుకోను?"

అక్క గొంతులో అలాంటి తడబాటు ఎప్పుడూ వినలేదు. సరే, వెతుకుతానన్నాను. ఆ ఒక్క మాటతో నా ప్రశాంతత మంటగలిసింది.

మొదట నా దగ్గరున్న వాటిలోంచే ఒకటి తీసిచ్చాను. ఒక స్త్రీ కొండలెక్కిన కథ, తన కథ తనే రాసుకుంది. ఎన్ని కష్టాలొచ్చినా వెనక్కి తిరగలేదు. కాలేజీకి వెళ్ళే ఆడపిల్లకు ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. అక్క మూడో రోజుకే వెనక్కి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆఖరి పేజీల్లో ఎర్ర బాణం.

"మంచులో కాలివేళ్ళు పోయాయట ఆవిడకి," అంది. "చదువుకోమని పంపిస్తూ చేతిలో ఇదా పెట్టేది?"

"వేళ్ళు పోయినా శిఖరం ఎక్కిందని అక్కా, ఉద్దేశం."

"ఎక్కితే ఎక్కింది. వేళ్ళు తిరిగొచ్చాయా?"

తరవాత ఒక నవల ఇచ్చాను. మొదటి అధ్యాయంలోనే కథానాయిక తల్లి చనిపోతుంది. అక్క అక్కడే ఆగిపోయింది. "నేనింకా బతికే ఉన్నాను కదా," అంది. ఇంకో నవలలో అమ్మాయి సగం పుస్తకం అవకుండానే వేణువు ఊదేవాడితో లేచిపోయింది. దాన్ని అక్క చేత్తో కూడా ఇవ్వలేదు, బావ చేత పంపించింది. కవితల పుస్తకం ఇస్తే పేజీలు టపటపా తిప్పి, సగం కాగితం ఖాళీగా వదిలేశారేమిటని అడిగింది. కవితలు అలాగే ఉంటాయే తల్లీ అంటే, ఖాళీకి కూడా డబ్బు పుచ్చుకుంటారా అంది. నేను నెత్తి బాదుకున్నాను.

ఇలా కాదని పుస్తకాల కొట్టుకి తీసుకెళ్ళాను. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బస్టాండు వెనక సందులో ఉన్న కొట్టు అది, ఇరుకైనది, పైకప్పు దాకా పుస్తకాలు. కొట్టాయనకు నేను తెలుసు. అక్క లోపలికి అడుగుపెడుతూనే మొదటి పుస్తకం తీసి తలకిందులు చేసి, వీపు పట్టుకుని ఊపింది. పేజీలు ఊడతాయేమోనని. తర్వాత వెలుతురుకు ఎత్తి అట్ట సమంగా కోశారా లేదా చూసింది. అచ్చు పలచబడినచోట చిన్న బాణం అంటించి, ఆ పుస్తకం తీసి విడిగా పెట్టింది. ఆమె వెళ్ళినకొద్దీ వెనకాల ఒక దొంతర పెరుగుతోంది. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. తనెక్కడుందో మరిచిపోయింది.

కొట్టాయన దూరం నుంచి చూస్తూ చూస్తూ కుర్చీలోంచి లేచాడు. మా ఇద్దరికీ టీ తెప్పించాడు. అంత మర్యాద నాకెప్పుడూ జరగలేదే అనుకుంటుండగా నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగాడు.

"మేడమ్‌గారు ఏ ఆఫీసు నుంచండీ?"

"మా అక్కండీ. పుస్తకం కొనడానికి వచ్చింది."

ఆయన ముఖంలో మర్యాద మాయమైపోయింది. విడిగా పెట్టిన దొంతర చూశాడు, బాణాలు చూశాడు, నా వైపు చూశాడు. "కొనడానికా, తనిఖీకా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయనా నేనూ కూర్చుని, గోటితో బాణాలన్నీ ఒక్కొక్కటే ఊడదీశాం. అక్క మాత్రం టీ తాగుతూ, గ్లాసు అంచు పగిలిందని ఆయనకు చూపించింది.

ఆ కొట్టులోనే గెలుపుకి దారులు చెప్పే పుస్తకం ఒకటి అక్క చేతికొచ్చింది. పొద్దున్నే లేవాలి, అనవసరంగా మాట్లాడకూడదు, ఏ పనీ రేపటికి వదలకూడదు. అక్క నిలబడే చాలా పేజీలు చదివేసింది. ఇది తీసుకుంటుందని నాకు నమ్మకం కుదిరింది, పిల్ల ముఖం ఎలా మాడిపోతుందో కూడా ఊహించుకున్నాను. కానీ దాన్నీ పెట్టేసింది.

"ఇవన్నీ నేను రోజూ చెప్పేవే," అంది నీరసంగా. "ఇవి వినలేకే కదా వెళ్ళిపోతోంది."

ఆ మాటకు నా కోపం కాస్త దిగింది. కాస్తే.

ఇంట్లో బావ సలహా అడిగితే, నిఘంటువు ఇవ్వమన్నాడు. అందులో అన్ని మాటలూ ఉంటాయి, కావలసింది అదే ఏరుకుంటుందన్నాడు. రోజంతా బస్సులో జనం అరుపులు విని ఇంటికొచ్చే మనిషి, మాటల గురించి ఆయనకు అంతకంటే ఆశ లేదు. అక్క ఆయన వైపు ఒక చూపు చూసింది. ఆయన లేచి కారుతున్న బకెట్ నింపడానికి వెళ్ళిపోయాడు.

పిల్ల ప్రయాణం దగ్గరపడింది. నాకు విసుగు తారస్థాయికి చేరింది. ఆఖరికి నా అలమారా ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, చేతికందిన నవల తీసి అక్క చేతిలో పెట్టాను. "ఇదే ఆఖరిది. ఇది కూడా నచ్చకపోతే దానికి బకెట్ కొనిపెట్టు," అన్నాను.

అది ఎప్పుడో చదివి నేనే మరిచిపోయిన నవల. పటాలు గీసే ఆఫీసులో పనికి చేరిన ఒక అమ్మాయి కథ. పెద్ద సంఘటనలేవీ ఉండవు. ఆ అమ్మాయి కొలత బద్ద పట్టుకుని ఊళ్ళు తిరుగుతుంది, అందరితో వాదిస్తుంది, దారి తప్పుతుంది, తప్పిన దారిని కూడా పటంలో గీస్తుంది. అక్క దాన్ని తీసుకెళ్ళి కిక్కురుమనలేదు. రోజు గడిచింది, వారం గడిచింది. ఫ్యాక్టరీ బస్సులో చదువుతోందని ఆమెతో పనిచేసేవాళ్ళే నాకు చెప్పారు. వేలు వరస కింద పెట్టుకుని, పెదవులు కదుపుతూ, భోజనాల గంటలో కూడా చదువుతోందట. ఏం జరిగిందోనని నేనే ఫోన్ చేశాను.

"పాసా, ఫెయిలా?"

"ఇంకా చూస్తున్నా."

"అక్కా, పరీక్షల పేపర్లు కూడా ఇంతసేపు దిద్దరు. నీ కూతురు వెళ్ళిపోయాక ఇస్తావా?"

"తొందరపెట్టకు. ఒక్క పేజీ వదలకుండా చూడాలి," అంది. ఆగి, ఇంకేదో చెప్పాలా వద్దా అన్నట్టు, "ఇది ఎవరు రాశారోగానీ, మన పిల్లని చూసే రాసినట్టుందే," అని పెట్టేసింది.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఎవరి ఊరటలో వాళ్ళుంటాం. పుస్తకం కుదిరింది, ఇక నా పని నేను చూసుకోవచ్చు అనుకున్నానే తప్ప, మా అక్క చేతికి పుస్తకమిచ్చి ఆ చేతిని ఊరికే ఉండమనడం ఎవరి తరం అని నాకు తట్టనే లేదు.

ప్రయాణం ముందురోజు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. హాల్లో సూట్‌కేసు తెరిచి ఉంది. అక్క అందులో బట్టలు అంచులు కలిపి ఎంత నున్నగా సర్దిందంటే, వాటిని కదపడానికి ఎవరికైనా చేతులు రావు. పిల్ల నేలమీద కూర్చుని ఛార్జరు తీగ చిక్కు తీసుకుంటోంది. బావ వాచీ చూసుకుంటున్నాడు, రైలు రేపైనా. అక్క లోపల్నుంచి పుస్తకం తెచ్చింది. గోధుమరంగు కాగితం చుట్టి, మూలలు సమంగా మడిచి, మధ్యలో అతుకు కనబడకుండా అంటించింది. కూతురి ఒళ్ళో పెట్టి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది.

"నాకా?" అంది పిల్ల. దాని ముఖం వెలిగిపోయింది. "అమ్మా, నువ్వు పుస్తకం కొన్నావా?"

"పిన్నిది. నేను చదివాను," అంది అక్క.

పిల్ల కాగితం విప్పింది. నాకు ముందు కనిపించింది పుస్తకం కాదు, దాని పక్క అంచు. ఆ చివరనుంచి ఈ చివరదాకా పేజీల మధ్యలోంచి ఎర్రటి మొనలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

పిల్ల మొదటి బాణం దగ్గర తెరిచింది. పైకే చదివింది. "ఎక్కడ నవ్వాలో ఆమెకు తెలియదు. పదిమందీ తలలు దించుకున్నచోటే ఆమెకు నవ్వు వచ్చేది." ఇంకో బాణం దగ్గర తెరిచింది. "చెప్పిన పనిని చెప్పిన విధంగా చేయడం ఆమె వల్ల కాదు." ఇంకోటి. "ఆమె జడ ఏనాడూ ఒక కుదురులో ఉండదు." దాని గొంతు ఒక్కో వాక్యానికీ సన్నబడుతూ వచ్చింది. ఆ తర్వాత చదవలేదు. పుస్తకం మూసి, సూట్‌కేసులో పెట్టకుండా, బల్ల మీద పెట్టింది.

"పుస్తకంలో కూడానా అమ్మా?" అంది. "వెళ్ళిపోతున్నాను కదా. ఇవాళైనా వదిలెయ్యొచ్చు కదా."

తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. విసురుగా కూడా కాదు, మెల్లగా వేసుకుంది.

అక్క బల్ల మీది పుస్తకాన్ని, మూసిన తలుపును మార్చి మార్చి చూసింది. "ఏమైంది దానికి? నచ్చలేదా?" అని నన్నడిగింది. నిజంగానే అర్థం కాలేదు ఆ మహాతల్లికి. అప్పటిదాకా దాచిపెట్టుకున్న చిరాకంతా నా నోట్లోంచి ఒక్కసారిగా ఊడిపడింది.

"నీకు బుర్రుందా అక్కా? పుట్టినప్పట్నుంచీ ఆ పిల్ల ఒంటిమీద, పుస్తకాల మీద, కంచం మీద ఆ బాణాలే అంటిస్తున్నావు. ఎర్ర బాణమంటే తప్పు అని దానికి పాలతో పాటు పట్టించావు. ఇప్పుడు పుస్తకం నిండా అవే అంటించి చేతిలో పెడితే ఏమనుకుంటుంది? నీ తప్పులన్నీ ఏరి కట్ట కట్టాను, పట్టుకెళ్ళు అన్నట్టు లేదూ?"

"తప్పులా?" అంది అక్క. ముఖం పాలిపోయింది. "బాగున్నచోట పెట్టానే నేను. చదువుతుంటే అది గుర్తొచ్చిన చోటల్లా పెట్టాను."

"బాగున్నచోట బాణం పెడతారా ఎవరైనా?"

"మరి దేంతో పెట్టను?" అంది. "నా దగ్గరున్నవి అవే."

ఆ మాటకు నా కోపం ఇంకా పెరిగింది. వెళ్ళి పిల్ల తలుపు కొట్టాను, అది తీసేదాకా కొట్టాను. చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చాను. బావ లేచి బయటికి పోబోతుంటే, కూర్చో బావా, ఇవాళ ఎక్కడికీ వెళ్ళేది లేదన్నాను. కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్పు," అన్నాను అక్కతో. "నాకు కాదు, దానికి చెప్పు. జుట్టు గురించి ఒక్క మాట ఎత్తావంటే ఊరుకోను."

అక్క పుస్తకం తీసుకుంది. పిల్ల జుట్టు వైపు ఒక్కసారి చూసింది, ఆ మాట గొంతుదాకా వచ్చిందని నాకు తెలుసు, మింగేసింది. మొదటి బాణం దగ్గర తెరిచి వేలు పెట్టింది.

"ఇక్కడ ఆ అమ్మాయి నవ్వుతుంది. నువ్వు కూడా అంతే. బస్సులో చదువుతున్నా, నీ నవ్వే వినబడ్డట్టయింది. పైకే నవ్వేశాను. పక్కనావిడ ఏంటక్కా అంది."

"నేను నవ్వితే నీకు కోపం కదా," అంది పిల్ల.

"కోపమే. ఐనా వినబడింది."

ఇంకో బాణం తీసింది. "ఇక్కడ దారి తప్పుతుంది. తప్పినా భయపడదు. చిన్నప్పుడు నువ్వు సంతలో తప్పిపోయి, ఏడవకుండా తూకం కొట్టువాడితో కబుర్లు చెప్తూ కూర్చున్నావే. అది గుర్తొచ్చింది. అంటించాను."

"ఇదేంటి మరి?" పిల్ల ఒంగి చూపించింది. "ఎదురు చెప్పకుండా ఒక్క పూట గడవదు ఆమెకు. ఇది కూడా బాగున్నదేనా?"

"అదీ బాగుంది."

"అన్నీ లోపాలే కదమ్మా ఇవి."

"లోపాలని ఎవరన్నారు?" అక్కకు గొంతు పెరిగింది. "ఆ పిల్ల మంచిది కాకపోతే ఇంత లావు పుస్తకం ఎందుకు రాస్తారు దాని గురించి? నాకు పుస్తకాలు తెలీవు. కానీ ఇంత చదివితే ఆ మాత్రం తెలీదా?"

పిల్ల అక్క చేతిలోంచి పుస్తకం తీసుకుని తనే పేజీలు తిప్పుతూ బాణాలు చూడసాగింది. ఒకచోట ఆగింది. ఆ అమ్మాయి తెల్లవార్లూ దీపం పెట్టుకుని పటాలు గీసే చోటు.

"ఇదీ బాగుందనేనా?"

అక్క తొంగిచూసింది. "అది మాత్రం తప్పే," అంది. "అలా మేలుకుంటే కళ్ళు పోతాయి. నువ్వక్కడ మేలుకోకు."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పిల్ల నవ్వింది, మేమెవరమూ నవ్వని చోట, అలవాటు ప్రకారం. నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే అడిగింది. ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నదే అడిగింది.

"మరి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా బాగుందని చెప్పొచ్చు కదమ్మా. నేను ఎదురుచూసేదాన్ని. బొమ్మ వేసి తెచ్చి ఇచ్చినప్పుడు, కప్పు గెలిచి తెచ్చినప్పుడు. నువ్వు అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేసేదానివి."

అక్క కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూసుకుంటూ చెప్పింది.

"మా టేబుల్ మీద బాగున్నదానికి ఏ గుర్తూ పెట్టం. బాగున్న చొక్కా మడతపెట్టి పెట్టెలో పెట్టేస్తాం. అది ఎక్కడికో వెళ్ళిపోతుంది, మళ్ళీ కళ్ళబడదు. తప్పున్నదే నా దగ్గరికి తిరిగొస్తుంది. నీలో నాకు తప్పులు కనబడటం ఎప్పుడో ఆగిపోయిందే. బాగున్నావని ఒప్పుకుంటే వెళ్ళిపోతావని వెతుకుతూ కూర్చున్నాను."

మా అక్క అంత పొడుగు మాట ఒక్క గుక్కలో మాట్లాడటం, అందులో ఫిర్యాదు లేకపోవడం, నేను ఇదే మొదటిసారి వినడం. ఇంత మాట లోపల పెట్టుకుని, నాచేత ఊళ్ళో పుస్తకాలన్నీ మోయించింది చూడండి. దగ్గరికెళ్ళి రెండు తగిలించాలనిపించింది, కావలించుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యకుండా ముక్కు తుడుచుకున్నాను.

పిల్ల నేలమీద కూర్చుని, సూట్‌కేసులో అక్క సర్దిన బట్టల్ని చెయ్యి పెట్టి పక్కకు నెట్టి, మధ్యలో పుస్తకం దూర్చింది. మడతలన్నీ చెదిరిపోయాయి. అక్క చూస్తూ కూడా ఏమీ అనలేదు.

"అయితే అమ్మా," అంది పిల్ల, మూత వేస్తూ, కాస్త నవ్వు తెచ్చుకుని, "నేను నీ దగ్గరికి మళ్ళీ రావాలంటే ఎక్కడో ఒకచోట ఏదో పాడుచేసుకుని రావాలన్నమాట."

అది వేళాకోళంగానే అంది. అక్కకు వేళాకోళాలు తెలియవు. ఆ మాటని టేబుల్ మీద పెట్టుకున్నట్టు కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"అక్కర్లేదు," అంది. "ఊరికే రా."